రంగవ్వ ఎత్తుకున్న పిల్ల

పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటారు. మా పెంటమ్మ విషయంలో ఆ సామెతను తిరగేసుకోవాలి. ఆమెకు పేరే దిబ్బ. ఆ పేరుతోనే శక్తినగర్‌లో ఒక తరం పిల్లలకు ముక్కులు తుడిచింది, అన్నం కలిపి పెట్టింది, జోకొట్టి నిద్రపుచ్చింది. వాళ్లిప్పుడు ఎక్కడెక్కడో ఉద్యోగాలు చేసుకుంటూ, ఎప్పుడైనా ఇటు వస్తే ముందు అడిగేది పెంటమ్మ గురించే. పక్కన నిలబడ్డ కొత్త పెళ్లాలు ఆ పేరు విని ముఖం అదోలా పెడతారు. పెట్టనీ, వాళ్లకేం తెలుసు.

ఆమెకు మధ్యలో కొన్నాళ్లు పద్మ అనే పేరుండేది. అది ఎలా వచ్చిందో, ఎలా పోయిందో చెబుతాను. పోయిన రోజున నేను అక్కడే ఉన్నాను.

నాది రాయచూరు. తాతముత్తాతల నుంచి మా ఇంట్లో తెలుగే. కానీ నా పేరు రామాబాయి కావడం వల్ల శక్తినగర్ కరెంటు కాలనీలోని ఆంధ్రవాళ్లు నన్ను మరాఠీ మనిషి అనుకునేవారు. ‘మీకు తెలుగు భలే వచ్చేసిందండీ’ అని మెచ్చుకునేవారు. మొదట్లో ఓపిగ్గా వివరించేదాన్ని. తర్వాత విసుగొచ్చి, ఆ మెప్పేదో పుచ్చుకుని ఊరుకోవడం నేర్చుకున్నాను. పేరు చూసి మనిషిని కొలిచేవాళ్లతో వాదించి గెలిచినవాళ్లు లేరు.

కరెంటు స్టేషన్‌లో మొదటి పొగగొట్టాలు లేచిన కొత్తలో, కాలనీ ఆడవాళ్ల సంఘం చిన్నపిల్లల బడి ఒకటి తెరిచింది. నేను టీచర్ని, పెంటమ్మ ఆయా. ఆమె మొగుడు లింగప్ప బొగ్గు యార్డులో కాంట్రాక్టు పనివాడు. పెంటమ్మ సొంతూరు కల్మల పక్కన పల్లె. పెళ్లయ్యాక కాలనీ పక్కనే ఉన్న దేవసూగూరులో గుడిసె వేసుకుని ఉండేవాళ్లు. గాలి ఇటు మళ్లిన రోజున బూడిద వచ్చి పిల్లల పరుపుల మీద పడేది. నేను కిటికీలు మూయమని అరిచేలోపే పెంటమ్మ దుప్పట్లు దులిపి మడత పెట్టేసేది.

మా వైపు ఆ పేరు వింతేమీ కాదు. కన్నడంవాళ్లలో తిప్పె, అంటే పెంటకుప్ప, పేరుతో తిప్పమ్మ, తిప్పణ్ణ ఉన్నట్టే మనలో పెంటమ్మ, పెంటయ్య. పుట్టిన పిల్లలు దక్కని ఇంట్లో ఆ పేరు వినబడుతుంది. ముందరివాళ్లను పోగొట్టుకున్న తల్లి, తర్వాతి బిడ్డను పుట్టగానే చేటలో వేసి పెరట్లో పెంటకుప్ప మీద పెట్టిస్తుంది. కడుపున పుట్టినవాళ్లంతా చల్లగా ఉన్న ఇంకొకామె, ముందే అనుకున్న ప్రకారం, ఏమీ తెలియనట్టు అటుగా వస్తుంది. ఎవరో పారేసిన పిల్ల దొరికిందని ఎత్తుకుపోతుంది. ఇక ఆ పిల్ల ఆమెదే. పేరు కూడా ఆమే పెడుతుంది. పొద్దు వాలాక కన్నతల్లి తరఫువాళ్లు చేటెడు తౌడు పట్టుకుని ఆమె వాకిట నిలబడి, నీ పిల్లను సాకి పెడతాం ఇమ్మని అడిగి తెచ్చుకుంటారు. రేపు చావు వెతుక్కుంటూ గడప దాకా వస్తే, ఇది మా పిల్ల కాదు, పెంట మీద దొరికిన పొరుగింటి పిల్ల అని చెప్పి పంపేయడానికి ఇదంతా. చావుకు ఆ మాత్రం తెలివి ఉండదా అని నాకు నవ్వొచ్చేది. నాలుగు పుస్తకాలు చదివినదాన్ని కదా.

చాలా ఇళ్లలో ఈ తంతు పేరు పెట్టడంతో సరి. పిల్లకు నడక వచ్చేసరికి అంతా మరిచిపోయి, నా బంగారం, నా తల్లి అని ముద్దులాడతారు. పెంటమ్మ తల్లి సుంకమ్మ మరిచిపోలేదు. పెంటమ్మను పెంట మీద నుంచి ఎత్తుకున్నామె రంగవ్వ. సుంకమ్మ కన్నబిడ్డను ‘రంగవ్వ బిడ్డా, అన్నం తిను’ అని పిలిచేది. ‘రంగవ్వ బిడ్డా, తల దువ్వుత రా’ అనేది. కొత్త గుడ్డ ఎన్నడూ కుట్టించలేదు. ఆ గుడ్డ రంగవ్వ ఇంటి నుంచే రావాలి. ఎవరైనా నీ కూతురు ఏపుగా పెరిగిందే అంటే, ‘నాదేంది, రంగవ్వ బిడ్డ, నేను సాకుతున్న’ అని తిప్పికొట్టేది. తనను అమ్మా అని పిలవనివ్వలేదు. అక్కా అని పిలవడం నేర్పింది. పెళ్లిలో పెళ్లికొడుకు కాళ్లు కడిగింది రంగవ్వ, ఆమె మొగుడు. సుంకమ్మ ఆ సమయానికి వెనక పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. నాగపంచమికి పుట్టింటికి వెళ్లాలన్నా పెంటమ్మ వెళ్లాల్సింది రంగవ్వ ఇంటికే.

మధ్యాహ్నం పిల్లలు నిద్రపోయాక గోడకు చేరగిలబడి పెంటమ్మ ఈ సంగతులు చెప్పేది. తన ముందు పిల్లలు పోయారని ఆమెకు తెలుసు. అంతకుమించి తల్లి ఎన్నడూ చెప్పలేదు. రంగవ్వ మంచి మనిషే. పంచమికి ఉండలు కట్టి పెట్టేది, చీర పెట్టేది. కానీ ఆమెకు తన కడుపున పుట్టినవాళ్లే ఇంటినిండా ఉన్నారు. పెంటమ్మ ఆ ఇంట్లో పేరుకు కూతురు, తన ఇంట్లో సాకుడు పిల్ల. ‘కాకిపిల్ల కాకికి ముద్దంటరు రామక్కా. నేను కాకిపిల్లను గూడ గాను’ అంది ఒకసారి. ఇంకోసారి, ‘ఒక్కనాడు నా బిడ్డ అంటె ఆమె సొమ్మేం పోతుండె?’ అని అడిగింది.

ఆ కొరత తీర్చుకోవడానికో ఏమో, తన కూతురు నేత్రను మాత్రం నోరారా నా బిడ్డ, నా బిడ్డ అని పిలుచుకునేది. సుంకమ్మ ఎప్పుడైనా దేవసూగూరు వస్తే ఆ పిలుపు వినలేక గుడిసె బయటకు వెళ్లి కూర్చునేదట. ఉన్న పూటే తిరుగు బస్సు ఎక్కేదట. మనవరాలి మీద కూడా ప్రేమ లేదని పెంటమ్మ కుమిలిపోయేది. నేనూ అలాగే అనుకున్నాను. అలాంటి తల్లుల మాట వింటే నాకు ఒళ్లు మండేది.

ఇట్లా ఉండగా కిరణ్మయి మా సంఘానికి అధ్యక్షురాలయింది. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఇంజనీరు భార్య. మంచి మనిషి, చొరవ గల మనిషి. బడికి ఉయ్యాలలు తెప్పించింది, పాలు సరిగా వస్తున్నాయో లేదో చూసేది. మంచి పేర్లంటే ఆమెకు ప్రాణం. కొడుక్కి నిఖిలేశ్ అని పెట్టడానికి నెలల తరబడి వెతికిందట. ఆయాలకు నీలం చీరలు, గుండె మీద పేరున్న బిళ్లలు పెట్టాలని ఆమెకు ఆలోచన వచ్చింది. పిల్లలకు అన్నం పెట్టే మనిషి గుండె మీద పెంటమ్మ అని రాయడానికి ఆమెకు చెయ్యి రాలేదు. ఏమీ అనుకోకపోతే పద్మ అని పిలుస్తాం అంది.

పెంటమ్మ అనుకోవడమా? ఆ బిళ్ల పెట్టుకున్న రోజున ఆమె నడకే మారిపోయింది. చదవడం రాకపోయినా వంగి వంగి దాన్ని చూసుకునేది. పిల్లలు రెండు రోజుల్లో పద్మమ్మా అనడం మొదలుపెట్టారు. నేను పొరపాటున పాత పేరు పిలిస్తే వినపడనట్టు ఉండిపోయేది. ‘అబ్బో, తామరపువ్వుగారు మాకు పలకరా’ అని నేను ఏడిపించాను. నవ్వింది. తర్వాత నెమ్మదిగా ఒక మాట అంది.

‘ఈ పేరు నాకోసం పెట్టిండ్రు రామక్కా. పాతది సావుకోసం పెట్టింది.’

ఆ మాట విన్నాక నేను కూడా పద్మ అనే పిలిచాను. నాకు సంతోషంగానే ఉండింది. వచ్చే జూన్‌లో కంపెనీ బడిని తన కిందికి తీసుకుంటుందని, పెంటమ్మ పని ఖాయమవుతుందని, అప్పుడు పద్మ అనే రాయిద్దామని కిరణ్మయి చెప్పింది. ఒకసారి అలా రాస్తే ఇక అదే ఆమె పేరు.

ఎండాకాలం నడుమ రంగవ్వ పోయింది. నిండు వయసు, సుఖమైన చావు. కూతురి వరసలో పెంటమ్మ వెళ్లి ఏడ్చి వచ్చింది. దినాలనాడు పంక్తిలో కూర్చున్న లింగప్ప, పెళ్లాం గొప్ప చెప్పుకోవాలని, కాలనీలో ఆమెను ఇప్పుడు పద్మ అంటారని, ఉద్యోగం కూడా ఆ పేరుమీదే ఖాయమవుతుందని పదిమందిలో అన్నాడట. వడ్డిస్తున్న సుంకమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయిందట. పాపం లింగప్పకు అదంతా మెచ్చుకోలుగా తోచింది.

ఆ తర్వాత నాలుగు దినాలకు సుంకమ్మ మా బడికి వచ్చింది. మధ్యాహ్నం వేళ. లోపలి గదిలో పిల్లలను పడుకోబెడుతూ పెంటమ్మ ఉంది. తలుపు ఓరగా వేసి ఉంది. నేను వసారాలో కూర్చుని ఉన్నాను. ఎండకు వాడిపోయిన సన్నటి ముసలామె మెట్టు మీద చతికిలబడి, పేరు మార్చిన అమ్మ యాడుంటదని అడిగింది. ఎవరో అర్థమైంది. నీళ్లిచ్చి, పెంటమ్మను పిలవనా అన్నాను. వద్దంది. కిరణ్మయి పక్కనే సంఘం గదిలో ఉంది. కబురు పంపాను.

నాకు అప్పటికే కోపం వచ్చింది. ఇన్నాళ్లూ బిడ్డను బిడ్డ అనని మనిషి, ఇప్పుడు ఆమెకు దొరికిన చిన్న సంతోషం లాక్కోవడానికి ఎండలో రెండు బస్సులు మారి వచ్చిందన్నమాట. కొంచెం కటువుగానే అన్నాను: ‘ఇంక ఈ పాత భయాలేంది సుంకమ్మా? పెండ్లయింది, బిడ్డ పుట్టింది. ఇప్పుడు పేరు మారితె ఆమెకేమయితది?’

సుంకమ్మ నా వైపు చూడలేదు. నీళ్ల గ్లాసు చేతిలో తిప్పుతూ తనలో తాను చెప్పుకుంటున్నట్టు చెప్పింది.

‘మొదటోళ్లు ఇద్దరు పురుట్లనే పోయిండ్రు. మూడోది దక్కింది. నడిసింది, మాటలు నేర్సింది. కల్లంల జొన్నలు తూర్పారబడ్తుంటె నా దిక్కు ఉరికొచ్చింది. ఎత్తుకోని, అందరి ముంగట, సూడుండ్రి నా బిడ్డ ఎట్ల ఉరుకుతుందో అన్న. ఆ వారంలనే పోయింది. దానికేం రోగం లేకుండె తల్లీ. నా నోరే తగిలింది.’

వెనక గదిలో జోకొడుతున్న చప్పుడు ఆగిపోయింది. నాకు వినపడింది. సుంకమ్మకు వినపడలేదనుకుంటాను.

‘ఇది పుట్టినంక నోరు కట్టుకున్న. ముద్దొస్తె లేసి అవతలికి పోయేదాన్ని. నిద్రవోయినప్పుడు గూడ ఆ మాట అనలే. రంగవ్వ ఉన్నన్ని దినాలు ధీమ ఉండె. ఇప్పుడు రంగవ్వ పాయె. పేరు గూడ పోతె దానికి ఇంక అడ్డమేముంది?’

ఇది మూఢనమ్మకమని, పిల్లలు జ్వరాలతో పోతారు గాని మాటలతో పోరని చెప్పడానికి నా దగ్గర కావలసినంత చదువుంది. కానీ ఒక మనిషి ముప్పయ్యేళ్ల పాటు ముద్దొచ్చినప్పుడల్లా లేచి అవతలికి వెళ్లడమంటే ఏమిటో ఊహించుకుంటూ కూర్చున్నాను.

ఇంతలో కిరణ్మయి వచ్చింది. సుంకమ్మ లేచి రెండు చేతులూ జోడించింది. ఆ కొత్త పేరు తీసెయ్యమని, పాత పేరే ఉండనిమ్మని బతిమాలింది. కిరణ్మయి ఆమెను కూర్చోమంది. తాను కూడా కుర్చీ దగ్గరికి లాక్కుని, మర్యాదగానే, ‘మీరెవరండీ? మా పద్మకి ఏమవుతారు?’ అని అడిగింది.

‘ఏం గాను తల్లీ,’ అంది సుంకమ్మ వెంటనే. ‘ఆమె రంగవ్వ బిడ్డ.’

అయితే రంగవ్వగారినే రమ్మనండి అంది కిరణ్మయి. రంగవ్వ చచ్చిపోయిందని సుంకమ్మ చెప్పింది. కిరణ్మయి అయ్యో అనుకుంది. ఆమె మాటల్లో తప్పు పట్టడానికేమీ లేదు. మా ఊళ్ల ఆనవాయితీ తెలియని మనిషి, విన్నది విన్నట్టు నమ్మింది.

‘చూడండి, పేరు మార్చుకున్నది పద్మ ఇష్టం మీదే. కన్నతల్లి వచ్చి వద్దంటే అదొక దారి. ఏమీ కానివాళ్లు చెబితే ఎలా మార్చమంటారు?’

ఈమే కన్నతల్లి అని చెప్పడానికి నేను నోరు తెరిచాను. తెరిచి మూసేశాను. నన్ను కూడా ఏదో భయం పట్టుకుంది. నవ్వుకునే నాకు భయమేమిటని ఇప్పుడు మీరు నవ్వవచ్చు. ఆ ముసలామె ముందు నిలబడి ఆ మాట అనగలిగితే అప్పుడు నవ్వండి.

పాత పేరు నిలబెట్టాలంటే సుంకమ్మ ఆ మాట అనాలి. ఆ మాట అంటే, ఇక పేరు నిలబడినా ఆమెకు గుండె దిటవు ఉండదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అటు చూసింది, ఇటు చూసింది. ఖాళీ వసారాలో మేం ఇద్దరం కాక ఇంకెవరో పొంచి వింటున్నారేమో అన్నట్టు చూసింది. కొంగు తీసింది.

‘అది... అది నా...’

తలుపు తెరుచుకుంది. పెంటమ్మ బయటికి వచ్చింది. పుట్టిన నాటి నుంచి ఏ మాట కోసం కాచుకుందో ఆ మాట తల్లి నాలుక చివర ఉంది. ఇంకొక్క క్షణం గడప లోపల ఆగి ఉంటే చెవులారా వినేది. ఆగలేదు.

‘ఊకో అక్కా,’ అంది.

తల్లికీ కిరణ్మయికీ మధ్యకు వచ్చి నిలబడింది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి గాని గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

‘నేను రంగవ్వ బిడ్డనే మేడం. పెంట మీద దొరికిన. నా పేరు పెంటమ్మ, అదే రాయుండ్రి. ఈమె నాకేం గాదు. సాకింది, అంతే.’

కిరణ్మయి చిన్నబోయింది. తాను ఇష్టపడి పెట్టిన పేరు మొహాన కొట్టినట్టయింది పాపం. పద్మా అనబోయి ఆగి, కష్టం మీద పెంటమ్మా అంది. నీ ఇష్టం, అలాగే రాయిస్తాను అంది. అసలు సంగతి నేను తర్వాత తీరిగ్గా చెబుదామనుకున్నాను. అప్పుడు నా చూపంతా సుంకమ్మ మీదే ఉంది.

ఆమె కూతురిని ముట్టుకోలేదు. తలెత్తి చూస్తోంది. పైట సవరించుకుని, వీధి చివరి దాకా వినపడేలా గొంతెత్తింది.

‘అవ్ తల్లీ, నిజమే చెప్పింది. నేను దానికేం గాను.’

ఆ మాట అంటున్నప్పుడు సుంకమ్మ ముఖంలో ఉన్న సంతోషం, అప్పుడే పుట్టిన బిడ్డను మొదటిసారి చేతుల్లోకి తీసుకునే తల్లుల ముఖంలో తప్ప నేను ఇంకెక్కడా చూడలేదు.